కోయని పదహారు పుటలు

ఇందులేఖా సన్యాల్ తన నవలను మా ప్రెస్సుకు తెచ్చిన రోజున కాలేజీ స్ట్రీటులో మోకాలి లోతు నీళ్ళు. చీర కుచ్చెళ్ళు తడిసినా కాగితాలు మాత్రం తడవనివ్వలేదు. ఆమె ఆడపిల్లల కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పేది. ఆ నవలలో ఒక ఓడ ఉంది. అది రేవు చేరింది, చేరలేదు కూడా. ఎవరో ఒకరు చూసేదాకా రెండూ నిజమే.

"అణువుల లోకం తీరే అంత, భవతోష్. చూసేదాకా ఒక కణం ఇక్కడా ఉంటుంది, అక్కడా ఉంటుంది," అంది.

"మా కంపోజిటరూ అంతే దిదీ. ప్రెస్సులోనూ ఉంటాడు, టీకొట్లోనూ ఉంటాడు," అన్నాను.

నవ్వి, తనకు కావలసింది చెప్పింది. చివరి పదహారు పుటల అంచులు కోయకుండా కుట్టాలి. చదివేవాళ్ళే చాకుతో కోసుకోవాలి. సగం ప్రతుల్లో ఓడ ఖిదిర్‌పూర్ రేవుకు వస్తుంది, సగంలో రాదు. ఏ ప్రతిలో ఏముందో కొన్నవాళ్ళకూ తెలియదు, అమ్మిన నాకూ తెలియదు. ఈ సంగతి ముందుమాటలోనే రాసింది.

ప్రూఫులు దిద్దుతూ దిద్దుతూ అసలు ఓడ సంగతి నెమ్మదిగా చెప్పుకొచ్చింది. నిరుపమ్ ఆమెతో చదువుకున్నవాడు. ఈ నవల ఇద్దరూ కలిసి రాద్దామనుకున్నారు. ఈలోగా అతనికి సరుకుల ఓడలో వైర్‌లెస్ ఉద్యోగం దొరికింది. పదిహేనేళ్ళ కిందట అండమాన్ దాటాక ఆ ఓడనుంచి కబురు ఆగిపోయింది. చెక్కముక్క దొరకలేదు, మనిషీ దొరకలేదు. పెళ్ళి చేసుకోవాలనుకున్న సంగతి ఇళ్ళల్లో చెప్పకముందే ఇది జరిగింది కనుక ఆమె ఎవరి ముందూ ఏడవలేదు. చదువుకునే రోజుల్లో వెళ్ళొస్తూ ఉన్న అతని ఇంటి గడప మళ్ళీ తొక్కలేదు.

ఓడ రాని ముగింపు దసరా పూజలకు ముందే ఇచ్చేసింది. వచ్చేది మాత్రం ఇవ్వలేదు. పుస్తక మేళా దగ్గరపడింది.

"రాయలేకపోతున్నాను. అతన్ని గుమ్మం దాకా తీసుకొస్తున్నాను. నోరు తెరిస్తే ఏమంటాడో వినబడడం లేదు. అన్నిట్లోనూ ఒకటే వేసెయ్. ఎవరికి తెలుస్తుంది?" అంది ఇందులేఖ.

వేసేశాను. ముందుమాట అబద్ధమైంది. అందులో నాకూ వాటా ఉంది.

మేళా ముగిసిన వారానికి ఒకామె వచ్చి సంచీలోంచి నాలుగు ప్రతులు తీసి నా బల్ల మీద పెట్టింది. నాలుగింటి పుటలూ కోసి ఉన్నాయి.

"నాలుగింట్లోనూ మా దాదా మునిగిపోయాడు," అంది. దాదా అంటే అన్న నిరుపమ్; ఈమె చెల్లెలు తరులత. "అమ్మకి చూపు ఆనదు, నేనే చదివి వినిపించాలి. తిరిగొచ్చేది ఒక్కటి వెతికిపెట్టండి."

"అలాంటిది లేదమ్మా," అన్నాను. అనేసరికి నా తల వంగిపోయింది. ఇందులేఖకు ఫోన్ చేశాను.

కాలేజీ నుంచి నేరుగా వచ్చింది. తరులత కుర్చీలోంచి లేవలేదు.

"పదిహేనేళ్ళలో ఒక్కసారైనా మా ఇంటికొచ్చావా? మా దాదాని ముంచడానికి మాత్రం తీరిక దొరికిందా?"

"ఏ వరసన రమ్మంటావు, తరూ? తిరిగొచ్చేది రాయబోతే అతని మాటే వినబడలేదు."

తరులత గొంతు తగ్గించింది. "నీకు దాదా మాట వినబడట్లేదా? నాకు రోజూ వినబడుతుంది. వస్తూనే 'ఈ పూట ఏం చేప?' అంటాడు. రుయి అని చెబితే మూతి ముడుస్తాడు."

"చెప్పులు విప్పకుండానే అడుగుతాడు," అంది ఇందులేఖ.

"అమ్మ తిడుతుంది."

"నన్ను చూసి..." ఇందులేఖ ఆగింది. "'ఏమిటే, జుట్టు నెరిసి అచ్చం హెడ్‌మిస్ట్రెస్‌లా తయారయ్యావు' అంటాడు."

ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు. నేను తెల్లకాగితాలు తెచ్చి ముందు పెట్టాను. ఒకరు చెబుతుంటే ఒకరు రాశారు, మధ్యలో పోట్లాడుకున్నారు. ఆ పుటల అక్షరాలు కంపోజిటర్‌కు ఇవ్వకుండా నా చేత్తోనే పేర్చాను. మిగిలిన ప్రతుల కుట్లు విప్పి, సగానికి ఆ ముగింపు కలిపాం.

అలా కలిపిన మొదటి ప్రతి తీసుకుని ఇందులేఖ తరులత ఇంటికి బయలుదేరింది. ఒంటరిగా వెళ్ళలేక నన్నూ వెంట రమ్మంది. మంచం మీద పెద్దావిడ గోడకు ఆనుకుని కూర్చుంది. తరులత పుటలు కోసింది. ఇందులేఖ చదివింది. ఆవిడ చివరి మాట దాకా కదలకుండా వింది.

"అయితే ఇక ఉంటాడా, మళ్ళీ ఓడెక్కుతాడా?" అని అడిగింది.

అది రాయలేదు. ఇందులేఖ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, "ఉంటాడు మాషీమా," అంది.

"మరి నువ్వు?" పెద్దావిడ చెయ్యి గాల్లో తడుముతోంది.

ఇందులేఖ మంచం మీదికి జరిగి ఆ చెయ్యి అందుకుంది. "భోంచేసే వెళ్తాను," అంది.