మొదటి రెండు చుక్కలు

కట్టయ్య పోయిన రోజు పొద్దున కూడా చాయ్‌లో మొదటి రెండు చుక్కలు నేలపాలే అయ్యాయి. మగ్గం పక్కన కూర్చుని, ముందురోజు కోసి దించిన జంపఖానా కొసకు కుచ్చులు ముడి వేస్తున్నాడు. పని మీది నుంచి చూపు తిప్పకుండానే గ్లాసు అందుకుని, పెదాలకు ఆనించే ముందు కాస్త వంచాడు. గచ్చు మీద రెండు మచ్చలు పడ్డాయి.

“మల్ల పోసినవ్,” అంది భార్య చిలుకమ్మ.

“నేనా? చెయ్యి పోసింది.”

“రేపు అయ్యగారికి గదే చెప్పు. నాకైంది గాని నా చెయ్యికింకా బాప్తిస్మం కాలేదని.”

కట్టయ్య నవ్వాడు గాని చాయ్ సగంలోనే పక్కన పెట్టేశాడు.

కొత్తవాడలో నలభై ఏళ్లుగా జంపఖానాలు నేస్తున్న మనిషి. పొద్దు వాలితే కల్లు దుకాణం. అక్కడ ముందు నేల మీద సాక పోయనిదే గుటక దిగేది కాదు. ఒక చుక్క ఎల్లమ్మ తల్లికి, ఒక చుక్క చనిపోయిన తండ్రి మొండయ్యకు. భార్య వెంట ప్రార్థన మందిరం గడప దాకా వచ్చి, రెండేళ్లు బయటే కూర్చుని అందరి చెప్పులకూ కాపలా కాశాడు. ఒక వానరోజు తడవడం ఇష్టంలేక లోపలికి వెళ్లాడు. తర్వాత వాన లేకపోయినా వెళ్లాడు. కల్లు మానడానికి నలభై రోజులు పట్టింది. బీడీకి అంతకంటే ఎక్కువే పట్టింది. పోయిన ఆదివారం బాప్తిస్మం తీసుకున్నాడు. రేపు మొదటిసారి ప్రభువు బల్లలో పాలు పొందాలి. వేలెడంత గ్లాసులో ద్రాక్షరసం ఇస్తారు. అందరి ముందూ దాన్ని నేల మీద వంపితే?

మధ్యాహ్నం చిలుకమ్మ దగ్గుమందు సీసా మూతలో నీళ్లు పోసి అలవాటు చేయించింది. ఐదుసార్లు ఇచ్చింది, ఐదుసార్లూ వంపాడు.

“గింత మూతల నుంచి గంత పోస్తే నీకేం మిగుల్తదయ్యా?”

“జర ఊకోవే. నవ్వితే ఇంకింత ఒలుకుతది.”

నాలుగింటికి పాస్టర్ శ్యాంసుందర్ వచ్చాడు. బల్ల ముందు పరచడానికని కట్టయ్య తనంతట తాను నేసిన జంపఖానాను మోకాళ్ల మీద కూర్చుని తడిమి చూశాడు. అప్పుడు కట్టయ్య మెల్లగా సంగతి చెప్పాడు.

“ఎల్లమ్మను ఇడిసిపెట్టిన అయ్యగారూ, దాని ఫికర్ లేదు. నాయినతోనే అయితలేదు. గా చుక్క పోసేటప్పుడే ఆయన యాదికొస్తడు. అది గూడ బంజేస్తే ఇగ ఆయనను ఎవ్వలడుగుతరు?”

పాస్టర్ కుచ్చు ముడి ఒకటి వేలితో తిప్పి చూశాడు.

“ఈ పని నీకెవరు నేర్పిండ్రు కాకా?”

“నాయినే.”

“మరి పొద్దటి సంది ఆయనతోనే ఉన్నవు గద.”

కట్టయ్య తువ్వాలు కొసతో ముక్కు తుడుచుకున్నాడు. పాస్టర్ వెళ్లాక కూడా కొంచెంసేపు ఆ ముడినే చూస్తూ ఉండిపోయాడు.

చిలుకమ్మ మళ్లీ చాయ్ ఇచ్చి, పాల ప్యాకెట్ కోసం గల్లీ చివరికి బయలుదేరింది.

“నువ్వొచ్చేసరికి అయిపోతది. ఇంకెన్ని కుచ్చులు, పదిహేనే,” అన్నాడు.

ఆమె తిరిగి వచ్చేసరికి మగ్గం గుంజకు తల ఆనించి ఉన్నాడు. జంపఖానా ఒడిలో ఉంది, దారం వేళ్ల మధ్యే ఉంది.

“పదిహేనన్నవ్, నిద్రవోయినవా?” అని భుజం పట్టుకుంది. తల పక్కకు వాలింది.

చిలుకమ్మ పక్కన కూర్చుని, ముందు గచ్చును అరచేత్తో తడిమింది. పొద్దటి మచ్చలు ఎప్పుడో ఎండిపోయాయి. కొత్త తడి ఎక్కడా లేదు. గ్లాసు ఖాళీగా ఉంది.

జంపఖానా ఇప్పుడు మందిరంలో బల్ల ముందు పరిచి ఉంది. ఎడమ కొసన పదకొండు కుచ్చులు ఇంకా ముడి వేయలేదు.