జిగురు పొర

తమ్ముడి మీద అక్కకున్న పగ నిన్నమొన్నటిది కాదు. తండ్రి పోగానే నర్సరీ మొత్తం తన పేరున రాయించుకుని, "అత్తారింట్లో నీకేం తక్కువక్కా?" అన్నాడు ఆ మహానుభావుడు. కుండీల మధ్య నడుం విరగ్గొట్టుకున్నది ఆమె. గల్లాపెట్టె దగ్గర కాలు మీద కాలేసుకుని కూర్చున్నది అతగాడు. పోనీ, నేల పోతే పోయింది. గేటు పక్కనున్న తెల్ల సంపంగికి ఒక్క అంటు కట్టుకుంటానంటే దానికీ ఒప్పుకోలేదు. అది తండ్రి పెట్టిన చెట్టు. పూసిందంటే వీధి మలుపు దాకా వాసన. గింజ కాయదు, కొమ్మ విరిచి గుచ్చితే బతకదు. గాలి అంటు కట్టి కొమ్మకే వేళ్ళు రప్పించడం ఒక్కటే దారి. ఆ రకం చుట్టుపక్కల ఇంకెక్కడా లేదు.

"నీకిస్తే రేపు నువ్వే నా ఎదురుగా నర్సరీ పెడతావు," అని మొహం మీదే అన్నాడు. ఆ మాట ఆమె మరిచిపోలేదు. మరిచిపోయే మాటా అది?

అలాంటివాడు ఒకరోజు తానే ఆమె వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. అవసరం మరి. పెద్ద హోటల్ వాళ్ళు తమ తోట నిండా తెల్ల సంపంగే కావాలన్నారట. అది ఇచ్చాడంటే ఇక వాళ్ళ పనంతా ఇతనిదే. తీరా చూస్తే ఇతను కట్టిన అంటు ఒక్కటీ వేరు పట్టలేదు.

"నువ్వొచ్చి కట్టక్కా. ఒకటి నీకిస్తా. ఏదిస్తానన్నది మాత్రం విప్పే రోజు నేనే చెప్తా."

ఎంత తెలివి! తనదొక్కటి బాగా కట్టుకుని మిగతావి పాడుచేస్తుందని ముందే పసిగట్టాడు. నిజానికి ఆమె అనుకున్నదీ అదే. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడు, అదీ ఒకే తల్లి కడుపున.

"నీ ఇష్టంరా," అంది పొయ్యి మీది పాలు దించుతూ.

అన్నీ బాగా కడితే తమ్ముడు బాగుపడతాడు. చెడగొడితే తనకూ మిగలదు. ఆమెకు అన్నం సహించలేదు. ఎదుటివాడికి అపశకునం కావాలంటే తన ముక్కు కోసుకోవాల్సిందేనని చివరికి తేల్చుకుంది. కోసుకుంటే కోసుకుంది, వాడు మాత్రం ఆ హోటల్ వాళ్ళ ముందు తల దించుకోవాలి.

నిచ్చెనెక్కి, వేలి లావు కొమ్మలు ఏరుకుని, ఒక్కోదానికి ఉంగరంలా బెరడు ఒలిచింది. ఒలిచాక కర్ర మీద జిగురుగా సన్నటి పొర మిగులుతుంది. దాన్ని కర్ర పొడిబారేదాకా గీకెయ్యాలి. గీకకపోతే బెరడు మళ్ళీ అల్లుకుపోతుంది, కొమ్మ తల్లి మీదే హాయిగా బతికేస్తుంది, ఇక వేళ్ళు వెయ్యాల్సిన ఖర్మ దానికేం? తమ్ముడు ప్రతిసారీ చేసే తప్పు అదే. తండ్రి ఎంత చెప్పినా బుర్రకెక్కలేదు. ఆమె కత్తి వీపుతో గీకినట్టు నటించి, పొరను అలాగే ఉంచేసి, తడి నాచు పెట్టి, నల్ల ప్లాస్టిక్ చుట్టి, పైనా కిందా పురికొసతో బిగించింది. అన్నిటికీ అంతే.

"నీ చేతిలో ఏదో ఉందక్కా," అన్నాడు కింద నిచ్చెన పట్టుకున్న తమ్ముడు.

ఉంది నాయనా, ఉంది, చూస్తావుగా, అనుకుంది ఆమె.

వానలు వెలిశాక విప్పారు. ఒక్క వేరు లేదు. ప్రతి ఉంగరం మీదా కొత్త బెరడు నున్నగా పాకి ఉంది. ఒకదాని తర్వాత ఒకటి విప్పుతున్నకొద్దీ తమ్ముడి మొహం మాడిపోతుంటే ఆమె కళ్ళు చల్లబడ్డాయి. హోటల్ వాళ్ళు అతన్ని నలుగురిలో చీవాట్లు పెట్టి వేరేచోటికి పోయారని విని ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తింది.

ఆ సంబరం ఎన్నాళ్ళో నిలవలేదు. రంపాలవాళ్ళు వచ్చారని తెలిసి పరుగున వెళ్ళేసరికి అప్పటికే సంపంగికి తాడు కడుతున్నారు.

"ఏంట్రా ఇది?"

"ఈ చెట్టును నమ్ముకుని పరువు పోగొట్టుకున్నానక్కా. దీన్ని చూస్తేనే ఒళ్ళు మండుతోంది. తీసేస్తే లారీ తిరగడానికి చోటన్నా వస్తుంది."

ఇది పోతే ఆ పువ్వు ఇక తనకూ లేదు, ఎవరికీ లేదు. నోరు విప్పితే చెట్టు దక్కుతుంది, కానీ ఈ తమ్ముడి ముందు, వీడి ముందు, దోషిలా నిలబడాలి. పళ్ళు బిగపట్టుకుంది. రంపం మోగింది.

"ఆపించరా! తప్పు చెట్టుది కాదు. నేనే కావాలని చెడగొట్టా. పొర గీకలేదు. నీ మీద కసితో చేశా. మళ్ళీ కడతా, అన్నీ పడతాయి, అన్నీ నువ్వే తీసుకో. నాకొక్కటీ వద్దు."

తమ్ముడు ఆమె వంక చూశాడు. కొడతాడనుకుంది. కొట్టినా బాగుండేది. అతను ఆమె భుజం మీద చెయ్యి వేశాడు.

"ఊరుకో అక్కా. వాటిలో ఒకటి నీదేగా. నీది నువ్వే చంపుకుంటావా? చెట్టు మీద ప్రేమ కొద్దీ ఏదో అంటున్నావు. వయసు మీద పడ్డాక చెయ్యి తప్పుతుంది, అందులో సిగ్గేముంది?"

"నీ మీదొట్టురా, నిజం."

"సరే, సరేలే," అంటూ అతను కుర్చీ తెచ్చి ఆమెను ఆఫీసు గది నీడలో కూర్చోబెట్టాడు. మంచినీళ్ళ గ్లాసు చేతికిచ్చి, రంపాలవాళ్ళను కానివ్వమన్నాడు. అతను ఆమెతో అంత మెత్తగా మాట్లాడి ఏళ్ళయింది.