చిక్కంలో గూడు

నూజివీడు చుట్టుపక్కల ఏ తోటలో ఏ చెట్టు ఏ ఏడు కాపు తప్పిందో వీరభద్రరావుకు గుర్తుంటుంది గాని, చొక్కా ఎక్కడ విప్పాడో గుర్తుండదు. వేడివేడిగా ఇచ్చినప్పుడు పేపరు చదువుతాడు, ఆనక కాఫీ చల్లారిందంటాడు. ఈ ఫిర్యాదులన్నీ అతని భార్య సరోజ పప్పులో తాలింపు వేస్తూ తనకు తానే చెప్పుకుంటుంది. బి.ఏ. చదివింది కనుక విచారణా, తీర్పూ కూడా తనే కానిచ్చేస్తుంది.

ఆ ఉదయం అతను వసారాలో నిలబడి గోడకేసి చూస్తూ సణుగుతున్నాడు. మేకుకు అతని తండ్రినాటి చిక్కం వేలాడుతోంది. గడకర్ర చివర కట్టి మామిడికాయలు కోసే తాళ్ళ సంచి అది. కోతలకు దింపుదామనుకునేసరికి పిగిలిపిట్ట అందులో గూడు కట్టేసింది, అదీ కాయల బుట్టల్లో పరచడానికి అతను తెప్పించిన గడ్డితోనే.

“అరువు చిక్కంతో కోయిస్తున్నా. ఒక్క కాయకీ తొడిమ నిలవట్లేదు, సొనకారి మచ్చలు. పిట్టకి నా చిక్కమే దొరికిందా?”

“అద్దె అడగమంటారా?”

“అడుగు. ఆ పిల్లల్ని కూడా అడుగు. ఒకటే గోల! మనిషికి కాస్త ప్రశాంతత ఉండక్కర్లా?” అంటూ చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

పిల్లలంటే అతని చెల్లెలు కల్యాణి పిల్లలు, రాధ, బుజ్జి. సెలవులకు చింతలపూడి నుంచి వారం ఉందామని వచ్చి, గూట్లో గుడ్లు చూశాక, పిట్టపిల్లలు ఎగిరేదాకా కదలమని భీష్మించారు. ఆనాటి నుంచి సరోజ వసారా తలుపు మూసి పెరటిదారినే తిరిగింది. పిల్లి వస్తే చీపురు విసిరింది. పిట్టపిల్లలు చల్లగా బతకాలని రోజూ కోరుకుంది. తొందరగా పెరగాలని మాత్రం ఒక్కరోజూ కోరుకోలేదు.

పెళ్ళయి పద్దెనిమిదేళ్ళు. సొంత పిల్లల మాట ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. మొదట్లో మర్యాదకి, తర్వాత అలవాటుకొద్దీ. సీజనులో అతను తోటల్లో ఉంటాడు, మిగతా కాలం కొట్లో. మధ్యాహ్నం గిన్నెలు తోముకున్నాక ఆమెకు ట్రాన్సిస్టరే తోడు. పిల్లలొచ్చాక దానిమీద దుమ్ము పేరుకుంది.

“అత్తయ్యా, రా! రెండోది అంచెక్కింది!” రాధ కేకేసింది.

బోర్లించిన మామిడి బుట్టమీద ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డారు. ఒక పిల్ల తెల్లవారేసరికే ఎగిరిపోయింది. రెండోది వాళ్ళ కళ్ళముందే జామచెట్టు మీద పడింది. మూడోది గూట్లోనే ముడుచుకు కూర్చుంది.

పన్నెండు దాటాక పిల్లల తండ్రి ప్రభాకరరావు వచ్చాడు.

“బళ్ళు తెరుస్తున్నారు చెల్లెమ్మా. నాలుగింటి బస్సుకి తీసుకుపోతా.”

“ఇంకోటి ఉందన్నయ్యగారూ. ఎగిరేదాకా కదలమన్నారుగా పిల్లలు.”

అతను నవ్వాడు. “సరే. బస్సు టైముకి ఎగరకపోతే రేపు వెళతాం.”

సరోజ అతనికి మారు వడ్డించింది. అడక్కుండానే పెరుగు పోసింది. బకెట్లో నానేసిన చిన్నరసాలు తెచ్చి ముందు పెట్టింది. రసాల ముందు కూర్చున్నవాడు త్వరగా లేవడు. వసారాలో పిల్లలు “ఎగురు, ఎగురు” అని గుసగుసలాడుతున్నారు. సరోజ కూడా వాళ్ళ వెనక నిలబడి పైకి “ఎగురు” అంది. లోపల “కూర్చోవే తల్లీ” అంది.

తల్లిపిట్ట నోట పురుగుతో జామకొమ్మ మీద వాలింది. గూటికి రాలేదు, అక్కడినుంచే పిలిచింది. పిల్ల అంచెక్కింది. ఒకసారి ఊగింది. వెళ్ళిపోయింది.

పిల్లలు చప్పట్లు కొట్టారు. సరోజా కొట్టింది. తర్వాత లోపలికెళ్ళి వాళ్ళ బట్టలు సంచిలో సర్దింది.

సాయంత్రం వీరభద్రరావు వచ్చేసరికి వసారా తలుపు బార్లా తీసి ఉంది.

“మీ చిక్కం ఖాళీ అయిందండీ.”

అతను దాన్ని దింపి ఒళ్ళో పెట్టుకుని లోపలికి చూశాడు. “బుజ్జిగాడేడీ?” అన్నాడు అలవాటుగా. తర్వాత గుర్తొచ్చింది. కాఫీ చల్లారింది. ఏమీ అనకుండా తాగాడు.

“ప్రశాంతంగా ఉండాలన్నాను చూడు,” అన్నాడు గ్లాసు కింద పెట్టి, “తప్పన్నాను సరోజా.”

ఆ మాట అతని నోట వినడం ఆమెకు అదే మొదలు. ఎగతాళికి బోలెడంత వీలుంది. చేయలేదు.

అతను లేచి, గూడుతో సహా చిక్కాన్ని మళ్ళీ మేకుకే తగిలించాడు. దాని కింద, రెండు జతల కాళ్ళ బరువుకు నడుమ సొట్టపోయిన బుట్ట బోర్లించినట్టే ఉంది.