గాలి తగ్గాక చెప్పు

వెచ్చగా ఉంటుందట, అదేదో శుభవార్తలా చెబుతోంది రేడియోలో ఆ వార్సా అమ్మాయి, పర్వత ప్రాంతాల్లో ఆదివారం దాకా బలమైన దక్షిణపు గాలులు, అక్టోబరుకు మించిన వెచ్చదనం, వాన సూచన లేదు, ఆ గొంతు వింటే ఎవరికైనా రొట్టె మూట కట్టుకుని కొండెక్కాలనిపిస్తుంది, హాల్నీ అన్న పేరు మాత్రం ఆమె నోట రాదు, ఇక్కడికొచ్చి ఒక్క పూట ఉంటే తెలిసొస్తుంది, కప్పు ఎప్పుడు లేచిపోతుందా అని పైకి చూస్తూ, తల పగిలిపోతూ, పక్కవాడు దగ్గినా కొట్టాలనిపించే ఈ గాలి సంగతి, అనుకుంటూ అన్యేలా పొయ్యిలోని నిప్పులు ఇనప బకెట్లోకి తోడి నీళ్లు పోసింది, బుస్సుమంది, పుల్ల క్యాబేజీ చారు సగమే ఉడికింది, అందులో మాంసం ఇంకా రాయిలాగే ఉంది, అయినా చెక్క ఇళ్ల ఊళ్లో, ఈ గాలిలో, పొగగొట్టంలోంచి ఒక్క రవ్వ లేచిందంటే వీధి వీధంతా బూడిదే, అందుకే హాల్నీ మొదలైతే పొయ్యి ఆరాలి, ఆమె పుట్టకముందు నుంచీ అంతే, మరి మనం తినేదేంటి అత్తా అంది గుమ్మంలోంచి వీక్తా, అన్న కూతురు, పాతికేళ్లొచ్చినా ఆకలికి ఓర్చుకోవడం రాదు, రొట్టె ఉంది, పులిసిన పాలున్నాయి, తిని పడుకో అంది అన్యేలా, కిటికీలోంచి చూస్తే గేవోంత్ కొండ చెయ్యి చాస్తే అందేటట్టు దగ్గరికి జరిగినట్టుంది, శిఖరాల మీద తెల్లటి మబ్బు గోడ కట్టినట్టు కదలకుండా కూర్చుంది, ఇవాళ గురువారమే, గాలేమో ఆదివారం దాకానట, మాచెక్ బస్సేమో రేపు పొద్దున.

బస్సును ఆగమని చెప్పలేం కదా, గాలిని తగ్గమనీ చెప్పలేం, ఇవాళ పొద్దున మాచెక్ వచ్చి కంచె అవతల నిలబడ్డాడు, టోపీని ఒక చేత్తో నెత్తికి అదిమిపెట్టుకుని, గొర్రెలు కొండ దిగి వారమైందట, ఎవరివి వాళ్లకు అప్పజెప్పేశాడట, పైనున్న గుడిసె తాళం కూడా వేరే బాత్సాకు ఇచ్చేశాడట, ఊరి మందలన్నిటికీ ఇన్నేళ్లు తనే బాత్సాగా, పెద్దకాపరిగా ఉన్నవాడు, మోకాళ్లు ఇక ఎక్కనివ్వడం లేదు, కూతురు రమ్మంటోంది, గ్దాన్‌స్క్, సముద్రం పక్కన, అని ఆగాడు, ఆమెకు నవ్వొచ్చింది, గుట్టన్నది లేని చోట నువ్వేం చేస్తావయ్యా, అలల్ని మేపుతావా అంది, అతను నవ్వలేదు, గాలిని మించి గొంతెత్తక తప్పదు కనుక అరిచాడు, నువ్వు ఉండమంటే ఉంటా అన్యేలా, లుద్వీనా పోయి నేను ఒంటరినై మూడేళ్లయింది, వంటకు మనిషి కావాలని అడగట్లేదు, వంట నాకొచ్చు, పొద్దున లేస్తే నువ్వు కనబడాలి, అంతే, అని, అరవై దాటిన మనిషి నడివీధిలో నిలబడి ఊరంతా వినేలా, ఊరంతా తలుపులు బిడాయించుకుని ఉంది కాబట్టి సరిపోయింది, అప్పుడు తనేమంది, ఎంత తెలివిగలదో, గాలి తగ్గాక చెప్పు మాచెక్ అంది, అతను ఆమె ముఖంలోకి ఒకసారి చూసి, అప్పుడూ ఇదే అన్నావ్ అని వెళ్లిపోయాడు.

అప్పుడూ ఇదే అంది, నిజమే, అది నాయనమ్మ పెట్టిన కట్టడి, హాల్నీలో అన్న మాట మాట కాదు, ఆ గాలిలో ఆవును అమ్మకూడదు, పెళ్లి కుదుర్చుకోకూడదు, తిట్టుకున్నది మనసులో పెట్టుకోకూడదు, గాలి తెచ్చింది గాలికే పోవాలి, ఆ కట్టడే లేకపోతే ఈ ఇల్లు ఎప్పుడో రెండు ముక్కలయ్యేది, నాన్న హాల్నీ రోజున పాలకుండ గోడకేసి కొట్టి, పో నీ పుట్టింటికి అని అరిస్తే, అమ్మ బట్టలు సర్దుకోకుండా పెంకులు ఏరుకునేది, గాలి ఆగిన పొద్దున అదే నాన్న పిల్లిలా వచ్చి బల్ల దగ్గర కూర్చుంటే ఏమీ జరగనట్టు గిన్నెలో చారు పోసేది, ఆ గాలి రోజుల్లో తనూ అన్నా నాయనమ్మ కంబళి కింద దూరేవాళ్లు, గోడ దుంగలన్నీ మూలుగుతుంటే, దుంగల సందుల్లో కుక్కిన కొయ్యపీచు వాసన, నాయనమ్మ పొగాకు వాసన, చీకట్లో చేతికి తగిలే చల్లటి రొట్టెముక్క, వేడి తిండి లేని ఆ పూటలే ఎందుకో అన్నిటికన్నా రుచిగా గుర్తున్నాయి, భయంగా ఉండేది, ఎంత బాగుండేదో కూడా, ఇప్పుడు ఆ కంబళి కింద పడుకున్నవాళ్లలో తనొక్కతే మిగిలింది.

ఇరవై దాటిన కొత్తలో, ఇలాంటి అక్టోబరే, కప్పు చెక్కలు లేస్తుంటే మాచెక్ తాడు పట్టుకొచ్చాడు, ఎవరూ పిలవకుండానే, కప్పు మీంచి తాడు వేసి కొస ఆమె చేతికిచ్చి లాగమన్నాడు, ఇద్దరూ లాగుతుంటే ఆమె తలగుడ్డ ఊడి ఎటో ఎగిరిపోయింది, జుట్టంతా వెళ్లి అతని ముఖం మీద పడింది, ఏడాది మొత్తంలో పట్టుమని పది మాటలు మాట్లాడని మనిషి, నన్ను చేసుకుంటావా అని అరిచాడు, అరవకపోతే వినబడదు మరి, జవాబు నాలుక చివరికి వచ్చింది ఆమెకు, వచ్చి ఏం లాభం, ఎవరి మనవరాలు, గాలి తగ్గాక చెప్పు అంది, గాలి తగ్గింది, మంచు కురిసింది, మాచెక్ వచ్చాడు కూడా, పూసల రవిక తొడుక్కుని, పగడాల దండ వేసుకుని ఆమె గుమ్మంలో నిలబడితే అతను తన బూట్లకేసి చూసుకుంటూ, తాడు కావాలి అన్నాడు, ఏ తాడు, మా తాడు, ఇచ్చింది, చక్కగా చుట్ట చుట్టి మరీ ఇచ్చింది, లోపలికొచ్చి దండ తీసేసి, గాలి మాటే కదా అనుకుంది, అనుకుని ఆ పొద్దంతా ఏడ్చింది.

మరుసటి ఏడు అతను పక్క లోయ పిల్ల లుద్వీనాను చేసుకున్నాడు, మంచి మనిషి, ఆ పెళ్లిలో అన్యేలా పాడింది, గొంతు వణక్కుండా పాడింది, తర్వాత ఆమెను అడిగినవాళ్లు లేకపోలేదు, ఒక పోస్టుమాను, ఒక బడిపంతులు, ఇద్దరూ గాలి లేని రోజున వచ్చి, కుర్చీలో కూర్చుని, పద్ధతిగా అడిగారు, ఇద్దరికీ వద్దంది, ఇక ప్రతి శరత్తులోనూ గొర్రెలు దిగిన వారం మాచెక్ ఒక ఒస్త్సిపెక్ తెచ్చేవాడు, పొగబెట్టిన గొర్రెపాల జున్ను, పైన చెక్క అచ్చు గీతలు, బంగారు రంగు, ఇదిగో అనేవాడు, ఆమె తీసుకునేది, పాలెలా ఉన్నాయి ఈ ఏడు, పర్లేదు, అంతే, దాన్ని పలచగా కోసుకుని చలికాలమంతా తినేది, ఎవరికీ పెట్టేది కాదు, వీక్తా అడిగితే దుకాణంలో కొన్నది పెట్టేది.

అత్తా, పొద్దున బాత్సా నిన్నేమడిగాడో కిటికీ మూసున్నా నాకు వినిపించింది, అంది వీక్తా రొట్టె నములుతూ, వినిపిస్తే ఇంకేం, నోరు మూసుకుని తిను, నువ్వేమన్నావో వినబడలేదు, గాలి తగ్గాక చెప్పమన్నా, అప్పటికి ఆయన సముద్రం ఒడ్డున ఉంటాడు కదత్తా, ఉంటే ఉండనీ, గాలిలో అన్న మాటకు విలువేముంది, మీ ముత్తవ్వ ఏం చెప్పేదంటే, అని అన్యేలా మొదలుపెట్టి ఆగిపోయింది, ఏం చెప్పేది నాయనమ్మ, కట్టడి ఒక్కటేనా చెప్పింది, తాతను తలుచుకున్నప్పుడల్లా చెప్పేది కదా, బతికినన్నాళ్లలో మీ తాత నన్ను నా బంగారం అన్నది ఒకే ఒక్కసారే పిల్లా, అదీ హాల్నీలో, కప్పు మీంచి, సుత్తి అందించమంటూ, అని పళ్లు లేని నోటితో సిగ్గుపడేది, మరి ఆ మాటను ఆవిడ గాలికి వదల్లేదే, పోయేదాకా దాచుకుంది, తిట్లను గాలికి పారబోసి మంచిమాటను మూట కట్టుకుంది, తను రెండింటినీ కలిపి పారబోసింది, ఎందుకు పారబోసింది, పోస్టుమానుకూ పంతులుకూ జవాబు అప్పటికప్పుడే దొరికింది కదా, గాలీ వానా ఏదీ అడ్డం పెట్టుకోలేదు కదా, ఒక్క మాచెక్ దగ్గరే గాలి తగ్గాలి, అతనికి చెప్పాల్సింది అవునని కాబట్టి, అవునన్నాక ఇక దాక్కునే చోటుండదు కాబట్టి, అతను గాలి సందున ధైర్యం తెచ్చుకుని నోరు తెరిస్తే తను అదే గాలి చాటున నోరు మూసుకుంది, ఇన్నేళ్లూ భయపడింది తను, నింద గాలిది, అత్తా, శాలువా, అని వీక్తా వెనక నుంచి అరుస్తోంది, అన్యేలా అప్పటికే వాకిలి దాటింది, వెచ్చటి గాలి వీపు మీద చెయ్యేసి తోస్తోంది, మాచెక్ తన ఇంటి ముందు సంచీ మూతి కడుతున్నాడు, పిలిచింది, వినబడలేదు, జన్మలో అరిచి ఎరగని ఆమె, కాళ్లు ఎడంగా పెట్టి నిలబడి, ఊపిరంతా పోగుచేసుకుని అరిచింది, మాచెక్, బస్సెక్కకు, ఉండు, నేను ఉండమంటున్నా, గాలి తగ్గాక కూడా ఇదే అంటా.