తలుపు వంతు

తలుపట, రోజూ తలుపేనట, మెట్రో ఆటలో డ్రైవర్ ఎప్పుడూ తన క్లాసు స్నేహితురాలు రజినే అట, టికెట్లిచ్చేదీ తనేనట, మా పాప మాత్రం రెండు చేతులూ చాపి నిలబడి అందరూ ఎక్కాక మూసుకోవాలట, రెండో క్లాసు పిల్లకు ఇంత పెత్తనం ఎక్కడిదో, తార్నాకలో ఆటో ఎక్కినప్పటి నుంచీ ఇదే గోల, ఇప్పుడు యూనివర్సిటీ గేటు దాటి క్యాంపస్ బడి వైపు నడుస్తుంటే పాప చెయ్యి నా చేతిలో చల్లగా ఉంది, సంచిలో సెక్షన్ మార్చమని టీచరుకు రాసిన ఉత్తరం ఉంది, ఇచ్చేస్తే పీడ వదులుతుంది, మా అమ్మ కూడా అలాగే వదిలించింది.

నా చిన్నప్పుడు మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్, పక్కింటి లిడియా, తలుపు మీద సుద్దముక్కతో రాస్తూ ఎప్పుడూ తనే టీచర్, నేనెప్పుడూ తప్పు చేసిన పిల్లని, కూర్చోవే, నేను చెప్పాకే లేవాలి అనేది, కాళ్లు తిమ్మిరెక్కినా లేచేదాన్ని కాదు, ఒకరోజు ఇంటికెళ్లి ఏడిస్తే అమ్మ మళ్లీ ఆ గడప తొక్కనివ్వలేదు, బడి కూడా మార్పించింది, లిడియా గోడ అవతల నుంచి వారం రోజులు పిలిచింది, నేను పలకలేదు, తర్వాత వాళ్ల నాన్నకు బదిలీ అయింది, ఇరవై ఎనిమిదేళ్లయింది, నన్ను అంత గట్టిగా పిలిచినవాళ్లు మళ్లీ దొరకలేదు, ఎంత బెంగగా ఉందో ఎవరికి చెప్పను.

సెక్షన్ మారుద్దామా అన్నాను, పాప నడక ఆపేసింది, వద్దమ్మా, రజిని లేకుంటే మంచిగుండదు, నాక్కూడా ఒక్కసారి నడపాలని ఉన్నది, గంతే, మరి ఆ మాట రజినికే చెప్పవచ్చు కదా అంటే, కటీఫ్ అంటదని భయమట, సరే, నేనే రజినిని అనుకో అని చెట్టు కింద నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి, ఏయ్, నువ్వు తలుపు అన్నాను, స్కూటర్ మీద పోయే ఎవరో వెనక్కి తిరిగి చూశారు, చూడనీ, పాప తలొంచుకుని చేతులు చాపబోయింది, మళ్లీ అన్నాను, మూడోసారికి తలెత్తి, ఇయ్యాల నేను నడుపుతా, నువ్వు తలుపు, రేపు మళ్ల నువ్వే నడుపు అంది, నేను చేతులు చాపాను, పాప వాటి మధ్య నుంచి దూరి బడి వైపు పరుగెత్తింది, మూసుకోవడం మర్చిపోయి అలాగే ఉండిపోయాను, ఉత్తరం సంచిలోనే ఉంది, రజిని ఒప్పుకుంటుందో లేదో, ఒప్పుకోకపోతే రేపు ఇదే చెట్టు కింద మళ్లీ చెప్పిస్తాను, లిడియా, ఇవాళ నేను టీచర్ని, నువ్వు కూర్చో అని ఒక్కరోజు నీతో అనగలిగి ఉంటే, నువ్వు కోప్పడేదానివేమో, కానీ నాకు ఉండేదానివి.