తొమ్మిదో సూది

సోమవారం టైలర్ మాస్టారి ఎదురుగా ఒక్క బొత్తాం కాజా కుట్టి చూపించాలి. కుట్టలేకపోతే దుకాణంలో ఆమె చోటు ఇంకొకరిది. పాతికేళ్లుగా కోట్లకు చేత్తో కాజాలు కుట్టి కుట్టి, అసలు పేరు పోయి కాజాలక్క అయిన మనిషికి మూడు వారాలుగా కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ కలవడం లేదు. పట్టుకున్న సూది జారిపోతోంది. అన్నం పెట్టిన వేళ్లే మొరాయిస్తే ఎవరితో చెప్పుకుంటుంది?

"నా మోకాలికి సూదులు వేయించుకున్నాగా వదినా! చీమ కుట్టినంత కూడా ఉండదు," అంటూ ఆడపడుచు ఆక్యుపంక్చర్ డాక్టరమ్మ దగ్గరికి ఈడ్చుకొచ్చింది. పిలిచేదాకా కాజాలక్క కాలుగాలిన పిల్లిలా వరండా అంతా తిరుగుతూనే ఉంది.

డాక్టరమ్మ నాడి చూసింది, నాలుక చూసింది, కొత్త సూదుల ప్యాకెట్టు చింపింది. వెంట్రుకల్లాంటి సూదులు. కుడిచేతికి నాలుగు, కాళ్లకు నాలుగు, ఎడమచేతి బొటనవేలి పక్కన ఒకటి.

"గుంజినట్టు, బరువుగా అనిపిస్తే కంగారుపడకండి. నొప్పెడితే పిలవండి. ఇరవై నిమిషాలు కదలకూడదు."

కదలకూడదట! పుట్టి బుద్ధెరిగాక ఆమె ఇరవై నిమిషాలు ఊరికే పడుకున్నది లేదు. గోడ గడియారం చూసింది. రెండు నిమిషాలే అయింది. సోమవారం గుర్తొచ్చింది. మాస్టారు ఏమంటాడు? తాను ఏమని బతిమాలాలి? మళ్లీ గడియారం చూసింది. ఎడమచేతి సూది కాస్త వంకరగా కనిపించింది. వంకరపని ఆమె కంటికి అస్సలు గిట్టదు. మళ్లీ మాస్టారి మాటలు చెవుల్లో మోగాయి.

ఇరవై నిమిషాలకు డాక్టరమ్మ, వరండాలో కూర్చున్న ఆడపడుచునీ పిలుచుకుని వచ్చి, సూదులు తీసి లెక్కపెట్టింది. ఎనిమిదే ఉన్నాయి.

"తొమ్మిది వేశాను. కదిలారా?"

"అయ్యో, లేదండీ! ఒట్టు!"

దుప్పటి దులిపారు, దిండు తిరగేశారు. మంచం కిందికి దూరిన ఆడపడుచు లేచి, వదిన మెడవైపు చూసి నోరు నొక్కుకుంది. తొమ్మిదో సూది ఆమె జాకెట్టు మెడపట్టీలో ఉంది. దుకాణంలో పని మధ్యలో గుచ్చిపెట్టుకున్నట్టే, లోపలికీ బయటికీ, పొందిగ్గా.

"మెడలో దిగితే ఏమయ్యేది?" డాక్టరమ్మకు నిజంగానే కోపం వచ్చింది. "సూదులు వేసినా తీసినా నేనే. మీరు ముట్టుకోకూడదు."

కాజాలక్క సిగ్గుతో చచ్చిపోయింది. "వంకరగా ఉందండీ. ఎప్పుడు తీశానో నాకే తెలీదు."

"ఎడమచేతి సూది కదా వదినా," ఆడపడుచు మెల్లగా అంది. "ఏ చేత్తో తీశావ్?"

కాజాలక్క తన కుడిచేతి వంక చూసుకుంది. డాక్టరమ్మ దూదిపింజ ఒకటి అందించింది. కాజాలక్క ఊపిరి బిగబట్టి కుడిచెయ్యి చాపింది. వేళ్లు దగ్గరికొచ్చి ఆగిపోయాయి. దూది జారిపోయింది.

"ఇవాళ మొదటిసారే. ఇంకా నాలుగైదుసార్లు రావాలి. మీరు చెప్పిన సోమవారానికి మాత్రం నేను మాటివ్వలేనమ్మా."

బయటికొచ్చి నాలుగడుగులు వేశాక కాజాలక్క టక్కున ఆగి ఆడపడుచు భుజం పట్టుకుంది.

"సోమవారం నువ్వూ దుకాణానికి రావాలి. నేను కుడుతున్నంతసేపూ నాతో పోట్లాడాలి."

"పోట్లాటా? దేనికి?"

"దేనికైనా సరే. నా ధ్యాస వేళ్లమీదికి పోకుండా తిట్టు," అంది కాజాలక్క. ఆమె కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. "బాగా తిట్టు."