బండితో వచ్చిన సామాను

సబ్బునీళ్ల బకెట్ ముందు కూర్చుని నాలుగో చక్రం తోముతుంటే, నా భర్త సంపత్ మెట్ల మీద నుంచి, "సందుల్ల మట్టి ఇడ్సిపెట్టకు. కొనెటోడు ముందు గదే చూస్తడు" అన్నాడు. నెల కింద ఆయన కారు కొన్నాడు. కరీంనగర్‌లో ఎవరో మోజుపడి మార్పించుకున్న కారు. వెడల్పాటి చక్రాలు, ఎర్ర తోలు సీట్లు, వీధి మలుపులో ఉండగానే ఇంట్లో గిన్నెలు అదిరేలా మోగే సైలెన్సర్. ఊడదీసిన అసలు సామానంతా, పాత చక్రాలు, సీట్లు, బంపరు, లైట్లు, కారు వెనకే ఒక ట్రాలీ బండిలో మా హుజూరాబాద్ ఇంటికి వచ్చింది. కారు నడపడం ఆయన వంతు. ఆ సామాను కడిగి, ఫొటోలు తీసి, అమ్మడం నా వంతు.

పెట్టడానికి చోటు లేదంటే మా అత్త కనకవ్వ సృజన గది చూపించింది. సృజన నా కూతురు, మూడో తరగతి. దాని చదువుకునే బల్ల మెట్ల కిందికి పోయింది. నా మొదటి భర్త శ్యాంసుందర్ మస్కట్‌లో, కంపెనీ క్యాంపులో, నిద్రలోనే పోయినప్పుడు దానికి మూడేళ్లు. రెండేళ్ల కింద సంపత్ నన్ను చూడడానికి హుస్నాబాద్ వచ్చి, మా అవ్వ ముందు కూర్చుని, "పిల్ల ఉన్నా నాకేం పట్టింపు లేదు" అన్నాడు. అవ్వ ఆయన చేతులు పట్టుకుని ఏడ్చింది. నేనూ పొంగిపోయాను. పట్టింపు లేదంటే పట్టించుకోనని అర్థమని తెలియడానికి నాకు ఆరు నెలలు పట్టింది. ఇంట్లో తనను డాడీ అనమంటాడు, స్నేహితుల ముందు అంకుల్ అనమంటాడు. ఎక్కడ పొరబడతానోనని పిల్ల అసలు పిలవడమే మానేసింది.

అమ్మకం ప్రకటనలో ఆయన నా ఫోన్ నంబర్ పెట్టాడు. "ఆడమనిషి నంబరైతె జల్ది ఫోన్లొస్తయి" అన్నాడు. వచ్చాయి. బడిలో పిల్లలకు లెక్కలు చెబుతుండగా వచ్చాయి, పప్పు తాలింపు వేస్తుండగా వచ్చాయి. సీట్ల గురించి మొదలుపెట్టి, మేడం మీరేం చేస్తుంటరు, ఇంట్ల ఒక్కరే ఉంటరా అని అడిగేవాళ్లు. నంబర్ తీసేయమంటే సంపత్ నవ్వాడు. "మాటలే గదా. అరిగిపోతవా?"

కాగజ్‌నగర్ నుంచి దశరథం అనే పెద్దమనిషి శనివారం వచ్చాడు. లారీ గుద్ది ఆయన కారు ముందు భాగం నుజ్జయిందట, అదే కంపెనీ సామాను కావాలట. నేను చాయ్ తీసుకుని గదిలోకి వెళ్లేసరికి సృజన పాత సీట్లో కూర్చుని, ఒళ్లో పుస్తకం పెట్టుకుని రాసుకుంటోంది. సంపత్ "లే, సీటు కరాబ్ చేస్తవ్" అని గద్దించాడు.

"ఉండనియ్యి. మీ బిడ్డనా?" అన్నాడు దశరథం.

"కాదన్నా. ఆమెతోటి వచ్చింది. మా ఇంట్ల అన్నీ సెకండ్ హ్యాండే" సంపత్ పెద్దగా నవ్వాడు. "సామాను మొత్తం తీస్కుంటె పిల్లను గూడ తీస్కపో, జాగ ఖాళీ అయితది."

గడప దగ్గర అత్త కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. దశరథం నవ్వలేదు. రేపు పొద్దున ట్రాలీ తెస్తానని లేచాడు. చాయ్ కప్పుల పళ్లెం పట్టుకుని నేను కూడా నవ్వాను. ఎందుకు నవ్వానో ఇప్పటికీ చెప్పలేను. రెండేళ్లలో అలవాటయింది. కూరలో ఉప్పు మీద, నా నల్లని మోచేతుల మీద, చచ్చిపోయిన శ్యాంసుందర్ మీద వాళ్లు నవ్వినప్పుడల్లా వాళ్లకంటే ముందే నవ్వేస్తే గొడవ త్వరగా అయిపోతుందని నేర్చుకున్నాను. కానీ ఆ రోజు సృజన సీట్లోంచి లేస్తూ వాళ్లను చూడలేదు, నన్ను చూసింది.

సాయంత్రం బియ్యం ఏరుతూ, "పిల్ల ముందట గట్లంటవా?" అని అడిగాను.

"జోక్ గూడ తెల్వదా నీకు? గిన్నొద్దులు బువ్వ పెడుతున్న, గింత మాటనొద్దా?" అన్నాడు సంపత్.

"మొగన్ని మింగినదానికి రోషమొకటి" అంది అత్త, టీవీ మీద నుంచి చూపు తిప్పకుండానే.

ఆదివారం పొద్దున దశరథం ట్రాలీతో వచ్చాడు. చక్రాలు, సీట్లు ఎక్కించారు. నేను బంపరు ఒక కొన పట్టుకుని వాకిట్లోకి వచ్చేసరికి సృజన మెట్టు మీద కూర్చుని ఉంది. బతుకమ్మకు కుట్టించిన గౌను వేసుకుంది. తన జడలు తనే వేసుకున్నట్టుంది, ఒకటి పైకి, ఒకటి కిందికి ఉన్నాయి. వీపున బడిసంచి, చేతిలో బట్టలు కుక్కిన ప్లాస్టిక్ కవరు.

"గా తాత వచ్చిండు గదా అమ్మా. ఆడ బడి ఉంటదా?"

అది ఏడవలేదు. ఊరు మారుతున్న పిల్ల అడిగినట్టే అడిగింది. సంపత్ పడీపడీ నవ్వాడు. జేబులోంచి ఫోన్ తీసి దాని మొహానికి ఎదురుగా పెట్టాడు. "ఏమన్నవ్? మళ్లొక్కసారి అను, దోస్తులకు పంపాలె." పిల్ల నా వైపు చూసి, అనమంటావా అన్నట్టు ఆగింది.

నేను బంపరు వదిలేశాను. లోపలికి వెళ్లి సర్టిఫికెట్ల ఫైలు, నాలుగు చీరలు సంచిలో వేసుకున్నాను. బయటికి వచ్చి దశరథాన్ని అడిగాను. "కాకా, బస్టాండ్ దాక దింపుతవా?"

ఆయన నన్నూ, పిల్లనూ, ఫోన్ పట్టుకున్న సంపత్‌నూ చూశాడు. ట్రాలీ ముందు తలుపు తెరిచాడు.

"ఏందే గీ నాటకం? పోతే మళ్ల గడప తొక్కనియ్య" అన్నాడు సంపత్. పొయ్యి మీద అన్నం మాడుతోందని అత్త లోపలి నుంచి అరిచింది. ఎవరూ కదల్లేదు. నేను సృజనను ఎత్తి ఎక్కించి, పక్కనే కూర్చుని తలుపు వేసుకున్నాను.

ట్రాలీ వీధి మలుపు తిరిగింది. సృజన నా ఒళ్లోని సంచిని చూసింది, తర్వాత నా మొహం చూసింది.

"నువ్వు గూడ వస్తున్నవా అమ్మా?"

నేను రాననుకునే అది బట్టలు సర్దుకుంది.